బరంపురంలో లూజు సిలికాన్ రబ్బరు కొనేముందు ఒక్క నిమిషం ఆగండి

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు రైళ్లు, కొండల్లాంటి చిన్న మోడల్స్ చేసుకునే అన్నదమ్ములూ, అక్కచెల్లెళ్లూ, జాగ్రత్త. అచ్చులు పోసే రబ్బరని బరంపురంలో ఒక షాపులో కేజీ కొని మోసపోయాను. షాపు పేరు రాయను. ఆ సరుకు ఎలా ఉంటుందో చెప్తాను, మీరే గుర్తుపట్టండి.

నౌపడా నుంచి గుణుపురం వెళ్లే మన చిన్నరైలు, పట్టాల మధ్య 2 అడుగుల 6 అంగుళాల వెడల్పున్న లైను, 2004లో ఆగిపోయింది కదా. ఆ లైనునీ పక్కన మన కొండల్నీ బల్లమీద కట్టాలని నా కోరిక. మహేంద్రతనయ ఒడ్డున పగుళ్లు బాగా తేలిన రాళ్లు నాలుగు ఏరి తెచ్చాను. వాటిమీద రబ్బరు పోసి అచ్చు తీస్తే, అందులో ప్లాస్టర్ పోసి ఎన్ని కొండరాళ్లయినా చేసుకోవచ్చు.

షాపాయన పెద్ద డబ్బాలోంచి ప్లాస్టిక్ సీసాలోకి వంచి ఇచ్చాడు. లేబుల్ లేదు, తేదీ లేదు, బిల్లూ లేదు. చాలా పలచగా ఉంది. పలచనైతే బుడగలు పైకి తేలిపోతాయి, మంచిదే అనుకున్నాను. ఆయన చెప్పినట్టే కేజీకి 30 గ్రాముల హార్డ్‌నర్ (రబ్బరు గట్టిపడ్డానికి కలిపే ద్రవం) కాటాలో తూచి కలిపాను. మర్నాటికి గట్టిపడింది, రాయిమీంచి చక్కగా ఊడింది కూడా. కానీ పట్టుకుంటే చేతికి జిడ్డు. పేపరు మీద పెడితే తెల్లారేసరికి రాయి ఆకారంలోనే నూనెమరక.

రబ్బరు ఎక్కువ కనబడాలని సిలికాన్ ఆయిల్ బాగా కలిపేశారు. కొంచెం కలిపితే పరవాలేదు, మోతాదు మించితే రబ్బరులో బలం పోతుంది, నూనె బయటికి ఊరుతూనే ఉంటుంది. ఆ అచ్చులో ప్లాస్టర్ పోసి మూడో రాయి తీస్తుంటే పగులు లోపలికి దూరిన చోట అచ్చు సర్రున చినిగింది. తీసిన రాళ్లూ పనికిరాలేదు. నీళ్లలా కలిపిన నల్లరంగు రాస్తే ప్లాస్టర్ పీల్చుకోవాలి, అప్పుడే పగుళ్లు తేలతాయి. ఇక్కడ మాత్రం ప్లాస్టర్‌కి నూనె అంటడంతో చేమాకు మీద నీళ్లలా బొట్లుబొట్లుగా జారిపోయింది. తిరిగివెళ్లి అడిగితే "నీకు కలపడం రాలేదు బాబూ" అన్నాడు. ఆ మాటకి ఇప్పటికీ మండుతోంది.

సీలు తియ్యని డబ్బా, దానితో వచ్చిన హార్డ్‌నరే తీసుకోండి, బిల్లు అడగండి. లూజుగా తప్పకపోతే ముందు 100 గ్రాములే కొనండి. గ్లాసులో పోసి, గట్టిపడ్డాక రాత్రంతా పేపరు మీద ఉంచండి. మరక పడితే ఆ షాపు గడప మళ్లీ తొక్కొద్దు.

ఒకటి మాత్రం న్యాయంగా చెప్పాలి. సిలికాన్ రబ్బరులో గట్టిపరిచే పదార్థాన్ని బట్టి ప్లాటినం రకం, టిన్ రకం అని ఉంటాయి. ప్లాటినం రకం రబ్బరు గంధకం ఉన్న మోడలింగ్ క్లే తగిలినా, లేటెక్స్ గ్లవ్స్ తగిలినా బంకగానే ఉండిపోతుంది. అది షాపువాడి తప్పు కాదు. నాది టిన్ రకం, పోసింది ఏటిరాయి మీద, కాబట్టి ఆ సాకు ఇక్కడ చెల్లదు.

చినిగిన అచ్చు దాచి ఉంచాను. పర్లాకిమిడి వచ్చినవాళ్లు ఎవరైనా ఇంటికొచ్చి చేత్తో పట్టుకుని చూడొచ్చు.