మన గట్లకీ, లంకలకీ ఏది మేలు, మాన్యువలా ఆటోమేటిక్కా?

ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలూ లాగే బండి) కొంటున్నా, మాన్యువల్ తీసుకోనా ఆటోమేటిక్ తీసుకోనా అని ఈమధ్య మావాళ్ళు నలుగురైదుగురు అడిగారు. యూట్యూబ్‌లో చూస్తే అందరూ రాళ్ళమీదా కొండలమీదా ఎక్కించి చూపిస్తారు, మన కోనసీమలో రాళ్ళెక్కడున్నాయండీ? ధవళేశ్వరం దిగువకొస్తే మనకుండేవి రెండే, బురదా ఇసకా. నేను చాలా ఏళ్ళు మాన్యువల్ తోలి రెండేళ్ళ కిందట ఆటోమేటిక్‌కి మారా, రెండూ చెరువు గట్లమీద తిప్పినవే, అందుకే చెప్తున్నా.

ముందు బురద సంగతి. మా రొయ్యల చెరువు గట్టు పది అడుగుల వెడల్పుంటది, ఒకపక్క చెరువు, ఇంకోపక్క బోదె. వాన పడిందంటే నల్లమట్టి టైరుకి అట్టు కట్టేసి గాడులన్నీ పూడిపోతాయి, టైరు గుండులా అయిపోద్ది. గట్టు చివర తిప్పుకునే చోటు లేదు, వెనక్కే రావాలి. ఓసారి మేత బస్తాలు దింపేసి మాన్యువల్ బండిలో సగం క్లచ్ తొక్కిపట్టి రివర్స్‌లో వస్తున్నా, సగం దూరం వచ్చేసరికి ప్లేట్ కాలిన వాసన మొదలైంది, ఎడమకాలు వణికిపోతోంది, ఒక్కసారి క్లచ్ వదిలేశా. బండి ఎగిరి వెనక చక్రం గట్టు అంచు దాటేసింది. చెరువు కాపలా ఉండే ఆయన "ఆపండి బాబూ, కదపమాకండి" అని అరుచుకుంటూ పరిగెత్తుకొచ్చాడు. దమ్ము చక్రాల ట్రాక్టర్ తెచ్చి లాగాల్సొచ్చింది. అప్పుడు 4ఎల్‌లో, అంటే నాలుగు చక్రాలూ బాగా నెమ్మదిగా, బలంగా తిరిగే లో రేంజ్‌లో వేసుంటే క్లచ్ పూర్తిగా వదిలేసినా బండి నత్తలా దానంతటదే వచ్చేసేది, ఆ సంగతి నాకప్పటికి తెలీదు. మాన్యువల్ తోలేవాళ్ళు ఇదొక్కటి బుర్రలో పెట్టుకోండి, బురదలో సగం క్లచ్ వద్దు, లో రేంజ్ ముద్దు.

ఆటోమేటిక్‌లో ఆ బాధే లేదు. రెండు ఫ్యాన్లు ఎదురెదురుగా పెట్టి ఒకటి తిప్పితే ఆ గాలికి రెండోది కూడా తిరుగుద్ది కదా, ఆటోమేటిక్‌లో క్లచ్‌కి బదులుండే టార్క్ కన్వర్టర్ కూడా అంతే, గాలికి బదులు ఆయిల్. ఇంజన్‌కీ చక్రాలకీ మధ్య కాలిపోయే క్లచ్ ప్లేట్ లేదు, ఇంజన్ ఆగిపోద్దన్న భయం లేదు, పైగా బండి కదిలే క్షణంలో లాగే బలం పెరుగుద్ది. బ్రేక్ మీద కాలు కొంచెం కొంచెం తేలిక చేస్తుంటే అంగుళం అంగుళం కదులుద్ది. గట్టుమీద మనకి కావాల్సింది సరిగ్గా అదే.

ఇసకలో అయితే తేడా ఇంకా తెలుస్తది. వేసవిలో పాయ ఎండిపోయాక లంక పొలాల్లోకి ఇసకమీదుగా వెళ్తాం కదా, టైర్లలో గాలి 15-18 పీఎస్‌ఐకి దించి ఆపకుండా పోవాలి. మాన్యువల్లో ఫస్ట్ నుంచి సెకండ్‌కి మార్చే ఆ రెప్పపాటులో ఊపు పోయి చక్రాలు దిగబడతాయి, మళ్ళీ లేవాలంటే పార పట్టుకోవాల్సిందే. ఆటోమేటిక్ గేరు మార్చినా లాగుడు తెగదు. (అంతర్వేది, ఓడలరేవు బీచ్‌ల్లోకి దింపుదామనుకునేవాళ్ళకి ఒక మాట, జనవరి నుంచి మార్చి దాకా తాబేళ్ళు గుడ్లు పెట్టే కాలం, దయచేసి బండి దింపకండి.)

మరి మాన్యువల్ గొప్ప ఎక్కడంటే దిగేటప్పుడు. మారేడుమిల్లి ఘాట్‌లో దిగండి, సఖినేటిపల్లి రేవులో పంటు (బండ్లని గోదావరి దాటించే పడవ) ఎక్కడానికి తడి ఏటవాలు దిగండి, ఫస్ట్ గేరులో ఇంజనే బండిని పట్టి ఉంచుద్ది. ఆటోమేటిక్‌లో ఆ పట్టు తక్కువ, లివర్‌ని మాన్యువల్ మోడ్‌లోకో ఎల్ (లో గేరు)లోకో లాగాలి, బ్రేక్ ఎక్కువ వాడాలి. బ్యాటరీ దిగిపోతే మాన్యువల్ బండిని నలుగురు తోస్తే స్టార్ట్ అవుద్ది, ఆటోమేటిక్‌ని తోసి లాభం లేదు, అందుకే నేను జంపర్ కేబుల్ లేకుండా లంకల్లోకి వెళ్ళను. ఇసకలో అదేపనిగా రేజ్ చేస్తుంటే ఆటోమేటిక్ గేరాయిల్ వేడెక్కిపోద్ది, లైట్ వెలిగితే న్యూట్రల్‌లో వేసి ఇంజన్ ఆపకుండా కాసేపు చల్లారనివ్వాలి. రేటు కూడా లక్ష పైమాటే ఎక్కువ.

ఏఎమ్‌టీని మాత్రం ఆటోమేటిక్ అనుకుని మోసపోకండి, అది మాన్యువల్ గేర్‌బాక్సే, క్లచ్ మనకి బదులు మోటార్ తొక్కుద్ది, బురదలో అదీ కాలుద్ది. మహీంద్రా థార్‌లో వచ్చే 6 స్పీడ్, మారుతీ జిమ్నీలో వచ్చే 4 స్పీడ్ రెండూ టార్క్ కన్వర్టర్లే. జిమ్నీది పాతకాలం గేర్‌బాక్స్ అని హైవే మీద తోలేవాళ్ళు పెదవి విరుస్తారు, గట్టుమీద మాత్రం నాలుగు గేర్లు చాలు, బండి తేలిక కాబట్టి దిగబడేదీ తక్కువే.

నా మాట అడిగితే మన డెల్టాలో ఆటోమేటికే. రోజూ ఒకే గట్టుమీద ఒకే మనిషి తోలే బండి, డబ్బులు చూసుకోవాలి అనుకుంటే మాన్యువల్‌తో హాయిగా గడిచిపోద్ది. మా ఇంట్లో నాన్నా తోలతారు, తమ్ముడూ తోలతాడు, క్లచ్ మీద ఒక్కొక్కరి కాలు ఒక్కోలా పడేది, ఇప్పుడా గొడవ లేదు.

వరద నీళ్ళ విషయంలో రెండిటికీ జాగ్రత్త కావాలి. థార్‌కి కంపెనీ చెప్పే లోతు 650 మిల్లీమీటర్లు, అంటే మోకాలి పైదాకా, అదీ నిలవ నీళ్ళలోనే, పారే నీళ్ళలో దిగొద్దు. మాన్యువల్ అయితే నీళ్ళ మధ్యలో క్లచ్ తొక్కొద్దు, గేరు మార్చొద్దు, ప్లేట్ తడిస్తే జారుద్ది. ఆటోమేటిక్ నీళ్ళలో మునిగిందా, ముందు గేరాయిల్ చూపించండి, ఎర్రగా ఉండాల్సింది గులాబీ రంగు పాలలా ఉంటే నీళ్ళు కలిసినట్టే, ఆయిల్ మార్పించేదాకా స్టార్ట్ చెయ్యకుండా లారీమీద ఎక్కించి షెడ్‌కి పంపండి.