ఆడిట్ కాగితాలు, తనిఖీ నోట్సు అడిగితే ఇస్తారా? 2008 నుంచి సమాచార హక్కు వాడుతున్న అనుభవం

మా ఊరి చెరువు కట్ట గురించి 2008లో మొదటి దరఖాస్తు పెట్టాను. ఇప్పటికి నలభై దాటాయి. ఎక్కువ భాగం ఒకే రకం కాగితాల కోసం: ఆడిట్ అభ్యంతరాలు, వాటికి ఆఫీసు ఇచ్చుకున్న జవాబులు, తనిఖీకి వచ్చిన ఇంజినీరు రాసుకున్న కొలతలు, విచారణ నివేదికలు. ఇన్నేళ్లు వాడాక నా మాట ఒకటే. చట్టం గట్టిది. నాకు "ఇవ్వం" అని వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిలో చూపిన కారణం అసలు చట్టంలోనే లేదు.

చెరువు కట్ట సంగతే తీసుకోండి. పని అయ్యాక క్వాలిటీ కంట్రోల్ వాళ్లు చూసి వెళ్లారు. నివేదిక నకలు అడిగితే ఒక పేజీ ఇచ్చారు, "పని సంతృప్తికరం" అని. రోజూ ఆ కట్ట మీద నడిచేది మేము. తూము దగ్గర మట్టి ఒక్క వానకే జారిపోయింది. మళ్లీ దరఖాస్తు పెట్టాను. ఈసారి నివేదిక జోలికి పోకుండా ఎం-బుక్ (పని కొలతలు రాసే పుస్తకం), తనిఖీ రోజు రాసిన నోట్సు, నోట్ ఫైలు అడిగాను. "ఇవి అంతర్గత కాగితాలు, ముసాయిదాలు. ఇవ్వడం కుదరదు" అని ఒక్క ముక్కలో జవాబు వచ్చింది.

సెక్షన్ 8(1)లో మినహాయింపులు పది ఉన్నాయి. ముసాయిదా అని, ఆఫీసు లోపలి కాగితం అని ఇవ్వకుండా ఆపే క్లాజు ఒక్కటీ లేదు. పైగా సెక్షన్ 2లో సమాచారం అంటే ఏమిటో చెప్పేచోట అభిప్రాయాలు, సలహాలు, మెమోలు కూడా రాశారు. ఫైలు మీద అధికారులు రాసే నోట్స్ ఇందులోకి వస్తాయని కేంద్ర సమాచార కమిషన్ 2006లోనే తేల్చింది. అమెరికా చట్టంలో నిర్ణయానికి ముందు జరిగే చర్చల కాగితాలకు విడిగా ఒక మినహాయింపు ఉంది. మన దగ్గర కేబినెట్ కాగితాలకు తప్ప అలాంటిది లేదు, వాటిని కూడా నిర్ణయం అయిపోయాక బయటపెట్టాలి. మన చట్టంలో నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే.

మొదటి అప్పీలులో ఇదంతా రాశాను. ఫైలు చూసుకోమన్నారు. మూల బల్ల దగ్గర కూర్చోబెట్టి, ట్యాగు వేసిన ఫైలు ముందు పెట్టారు. నోట్ షీటు మధ్యలో చిన్న అక్షరాలతో ఉంది: "తూము వద్ద కట్ట ఎత్తు ఎస్టిమేట్ కన్నా రెండు అడుగులు తక్కువ. కాంట్రాక్టరు చేత సరిచేయించవలెను." దాని కింద పచ్చ సిరాతో ఒకే మాట: "చర్చించండి." ఏం చర్చించారో ఎక్కడా లేదు. తర్వాతి పేజీ నాకు ముందే ఇచ్చిన నివేదిక. రెండు పేజీల నకలుకు నాలుగు రూపాయలు కట్టాను. ఆ రెండు పేజీలూ గ్రామసభలో చదివాం. మరుసటి వేసవిలో కట్ట మట్టి మళ్లీ పోశారు.

అందుకే ఎవరు అడిగినా చెబుతుంటాను: తుది నివేదికతో ఆగకండి, దాని వెనక కాగితాలు అడగండి. అన్నీ ఒకేసారి చూడాలంటే ఫైలు తనిఖీయే మేలు, మొదటి గంట ఉచితం.

ఎక్కువసార్లు ఎదురయ్యేది 8(1)లోని హెచ్ క్లాజు, "విచారణలో ఉంది" అని. కొత్తవాళ్లు దీనితోనే వెనక్కి తగ్గుతారు. విచారణ నడుస్తున్నంత మాత్రాన కుదరదని, కాగితం ఇస్తే విచారణకు ఎలా అడ్డమో చూపాలని ఢిల్లీ హైకోర్టు 2007లో భగత్ సింగ్ కేసులో చెప్పింది. ఇవ్వకపోవడం సరైనదేనని రుజువు చేసుకోవాల్సిన బాధ్యత పీఐవోదే, అంటే దరఖాస్తుకు జవాబిచ్చే సమాచార అధికారిదే. నా అప్పీళ్లలో ఈ రెండు వాక్యాలు తప్పకుండా ఉంటాయి.

పెద్ద సంస్థలదీ ఇదే దారి. పశ్చిమ కనుమల మీద గాడ్గిల్ కమిటీ 2011లో నివేదిక ఇస్తే, ఇంకా ఖరారు కాలేదని పర్యావరణ శాఖ ఇవ్వనంది. 2012లో కమిషన్ ఇవ్వమంది, ఢిల్లీ హైకోర్టు సరేనంది. బ్యాంకుల తనిఖీ నివేదికలు నమ్మకంతో దాచాల్సినవని రిజర్వు బ్యాంకు వాదిస్తే, 2015 డిసెంబరులో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు.

ఇవ్వకపోవడమే న్యాయమైన సందర్భాలూ ఉన్నాయి. ఉపాధి హామీ సామాజిక తనిఖీ అప్పుడు మా పక్క ఊళ్లో ఒకామె ఇంటి దగ్గర అంతా చెప్పి వేలిముద్ర వేసింది. గ్రామసభ రోజు కూలీల పని చూసే మేట్ ముందు వరసలో కూర్చుంటే నోరు విప్పలేదు. తర్వాత నేను ఆ వాంగ్మూలాలు అడిగితే పేర్లు నల్ల సిరాతో కొట్టేసి మిగతాది ఇచ్చారు. నేను అప్పీలుకు పోలేదు. చెప్పినవాళ్లకు ప్రమాదం ఉంటే జీ క్లాజు కాపాడుతుంది, దాచాల్సింది దాచి మిగతాది ఇవ్వమని సెక్షన్ 10 చెబుతుంది. అలాగే కాగ్ ఆడిట్ నివేదిక చట్టసభ ముందుకు రాకముందు అడిగి, సభా హక్కుల పేరుతో కాదనిపించుకున్నాను. అదీ సబబే. సభలో పెట్టాక ఇంటర్నెట్‌లోనే దొరికింది.

ఇబ్బంది పెట్టేది కాలయాపన. ముప్పై రోజుల గడువు దాటితే కాగితాలు ఉచితంగా ఇవ్వాలని ఉంది, అయినా దాటేస్తారు. నా రెండో అప్పీలు ఒకదానికి ఏడాదిన్నర పట్టింది. పీఐవోకు రోజుకు 250 చొప్పున 25,000 దాకా జరిమానా వేయొచ్చు. నా కేసుల్లో ఒక్కసారీ పడలేదు.

ఇప్పుడు నాకు నిజంగా టెన్షన్ పెడుతున్నది జే క్లాజు. వ్యక్తిగత సమాచారమైనా ప్రజాప్రయోజనం ఉంటే ఇవ్వాలని ఆ క్లాజులోనే ఉండేది. 2023 డేటా రక్షణ చట్టం ఆ మాటలు తీసేసింది, 2025 నవంబరు నుంచి అది అమల్లోకి వచ్చింది. ఆడిట్ అభ్యంతరంలో ఎవరో ఒకరి పేరు లేకుండా ఎలా ఉంటుంది? ఎవరి సంతకంతో డబ్బు పోయిందన్నదే కదా అక్కడ అసలు విషయం. నిలిచి ఉన్నది సెక్షన్ 8(2) ఒక్కటే: దాచడం కంటే చెప్పడంలో ప్రజాప్రయోజనం ఎక్కువైతే ఇవ్వవచ్చు.

మొన్న ఒక హాస్టల్ తనిఖీ నోట్సు అడిగితే, అందులో ఉద్యోగుల పేర్లున్నాయి కాబట్టి వ్యక్తిగతమని తిప్పి పంపారు. బియ్యంలో పురుగులు ఎన్నిసార్లు కనిపించాయో, దానికి వార్డెన్ ఏం రాసిచ్చారో ఆ నోట్సులో ఉంటుంది. పిల్లల పేర్లు కొట్టేసి ఇవ్వమని, 8(2), సెక్షన్ 10 రాసి అప్పీలు వేశాను. వచ్చే నెల పన్నెండున రమ్మన్నారు.