తాడా, మైకా?

దసరా తర్వాత వచ్చే మంగళవారం, విజయనగరం పైడితల్లి అమ్మవారి సిరిమాను, అంటే పూజారి కూర్చునే పొడవాటి మాను, అమ్మవారి చదురుగుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరుగుతుంది. దారి ఇమ్మని జనాన్ని జరపడం ఎలా?

తాడు కట్టి లాఠీ ఊపితే ముందు వరస వెంటనే జరుగుతుంది, నిజమే. వెనకవాళ్లకు ఆ సంగతి తెలీదు, తోస్తూనే ఉంటారు. నలిగిపోయేది మధ్యలో ఉన్నవాళ్లు.

మైకులో "చంటిపిల్లలతో ఉన్న అమ్మలూ, పక్క సందులోకి రండి, మాను ఇంకా రెండుసార్లు ఇటే వస్తుంది" అంటే టెన్షన్ సగం తగ్గుతుంది. మళ్లీ చూడొచ్చని తెలిశాక ఎవరు తోసుకుంటారు?

కాకపోతే ఆ మాట ముందే చెప్పాలి. మాను కదిలాక డప్పుల హోరులో ఏదీ వినపడదు, అప్పుడు తాడే గతి. నా ఓటు మైకుకే, అదీ మన యాసలో మాట్లాడేవాళ్ల చేతిలో ఉంటేనే.