మాల్ గేమ్ జోన్‌లో ముస్తఫా దొరికాడు, కానీ...

మిగతా మెషీన్లన్నీ మామూలే, ఓ మూలన పెట్టిన ముస్తఫా అనే పాత ఫైటింగ్ వీడియో గేమ్ గురించే ఈ రివ్యూ. అసలు పేరు కాడిలాక్స్ అండ్ డైనోసార్స్, జపాన్ గేమ్ కంపెనీ కాప్‌కామ్ 1993లో తెచ్చింది, కానీ అందులో పసుపు టోపీ హీరో ముస్తఫా కోసం వీడియో గేమ్ పార్లర్‌లో కొట్టుకున్న మనకి ఆ పేరుతో పనేముంది! అటాక్, జంప్ కలిపి నొక్కితే వచ్చే స్పెషల్ దెబ్బ, అది శత్రువుకి తగిలితే మన లైఫ్ కూడా కాస్త తగ్గడం, అన్నీ అలాగే ఉన్నాయి. ముగ్గురు కలిసి ఆడొచ్చు, కాకపోతే మూడో జాయ్‌స్టిక్ ఎడమకి తిరగదు, చెబితే స్టాఫ్ నవ్వి ఊరుకున్నారు. అన్నిటికంటే చిరాకు ఆ కార్డు స్వైప్. రూపాయి కాయిన్ వేస్తే వచ్చే టంగుమనే శబ్దం లేదు, పైగా కార్డులో మిగిలిన డబ్బులు వెనక్కివ్వరట. సౌండ్ కూడా బాగా తగ్గించేశారు. పాత దోస్తులు ఇద్దరు తోడుంటే వెళ్లండి, ఒక్కరే అయితే వద్దు. ఐదుకి మూడు స్టార్లు, అవీ ముస్తఫాకే.