జేసన్‌లో లోపలి రిఫరెన్సులు: ఎనుమాముల మార్కెట్ లెక్కలతో కొన్ని సీజన్లు వాడాక

ప్రోగ్రాంల మధ్య డేటా పంపుకోవడానికి వాడే జేసన్ (JSON) ఫైల్లో ఒకచోట రాసిన రికార్డును ఇంకోచోటి నుంచి ‘అదే ఇది’ అని చూపించే వీలు లేదు. ఆ లోటు తీర్చడానికి, డాలర్ గుర్తు పక్కన రెఫ్ అని ($ref) రాసే ఒక కీ, అంటే విలువకు పెట్టే పేరు, చాలాచోట్ల వాడుకలోకి వచ్చింది. దీన్ని ‘డాలర్ రెఫ్’ అందాం. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లోని అడ్తి (కమీషన్) దుకాణాల కోసం మేం చేసే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో కొన్ని మిర్చి సీజన్ల నుంచి దీన్ని వాడుతున్నాను. నా మాట ముందే చెప్తాను: రిఫరెన్సులు వాడండి, కానీ వరుస నంబరుతో కాదు, ఐడీతో.

ఫైల్ సైజు తగ్గుతుందని చాలామంది దీని జోలికి వస్తారు. నాకైతే అది పెద్ద లాభంగా కనిపించలేదు. జీజిప్ పద్ధతితో ఫైల్‌ను కంప్రెస్ చేస్తే మళ్లీ మళ్లీ వచ్చే పేర్లు, ఊర్లు ఎలాగూ కుదించుకుపోతాయి. ఆ పద్ధతి వెనక్కి 32 కేబీ దాకానే చూస్తుంది కాబట్టి పెద్ద ఫైళ్లలో కొంత తేడా వస్తుంది, అంతే.

అసలు లాభం మనిషిని గుర్తుపట్టడంలో ఉంది. మా దగ్గర ఒకే ఊరు, ఒకే ఇంటిపేరు, ఒకే పేరు ఉన్న రైతులు మామూలే. ప్రతి తక్‌పట్టీలో (అమ్మకం చీటీలో) రైతు వివరాలు కాపీ చేసి పంపితే, అందుకున్న ప్రోగ్రాంకు వాళ్లు ఒకరో ఇద్దరో తెలిసే దారి లేదు. ఓ పెద్ద అడ్తిదారు స్క్రీన్ చూపించి ‘‘ఈయన ఆయనేనా, వేరే ఆయనా బిడ్డా?’’ అని అడిగారు. ఒకాయన తేజ మిర్చి బస్తాలు తెచ్చారు, ఇంకొకాయన వండర్‌హాట్ రకం తెచ్చారు. ఆ ప్రశ్నకు కాపీలున్న ఫైల్ జవాబు చెప్పలేదు, రిఫరెన్స్ ఉన్న ఫైల్ చెప్తుంది. ఫోన్ నంబరు మారినా ఒక్కచోట దిద్దితే చాలు.

చుట్టు తిరిగే డేటా సంగతి కూడా ఇంతే. అడ్తిదారు కింద రైతులు, ప్రతి రైతు కింద మళ్లీ అదే అడ్తిదారు ఉంటే జావాస్క్రిప్ట్, పైథాన్ రెండూ జేసన్‌గా రాయకుండా ఎర్రర్ ఇచ్చి ఆగిపోతాయి. రిఫరెన్స్ పెడితే ఆ చిక్కు లేదు.

ఇక ఎలా చూపించాలన్నది. 2013లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 6901 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రం, ఫైల్లో ఒక చోటును దారిలా చూపించే జేసన్ పాయింటర్ పద్ధతిని ఖాయం చేసింది. ‘#/రైతులు/3’ అంటే రైతుల జాబితాలో నాలుగో మనిషి, ఎందుకంటే లెక్క సున్నా నుంచి మొదలవుతుంది. చూడ్డానికి బాగుంటుంది. కానీ జాబితాను పేర్ల వరుసలో పెట్టండి, లేదా పైన ఒక కొత్త రైతును చేర్చండి. ఆ 3 ఇప్పుడు వేరే మనిషిని చూపిస్తుంది. ఎర్రర్ రాదు, హెచ్చరిక రాదు, తక్‌పట్టీ ఇంకొకరి పేరు మీద ప్రింటవుతుంది. డబ్బులు చేతులు మారే చోట ఇంతకంటే పెద్ద టెన్షన్ ఉండదు. అందుకే మేం జాబితా తీసేసి, రైతు ఐడీనే కీగా పెట్టిన పట్టిక వాడుతున్నాం. ‘#/రైతులు/ర1047’ అని రాస్తే వరుస ఎంత మారినా అది ఆ మనిషినే చూపిస్తుంది.

తెలుగు కీలు వాడేవాళ్లు ఒకటి గమనించాలి. హ్యాష్‌తో మొదలయ్యే పాయింటర్ నిజానికి యూఆర్‌ఐ (వెబ్ చిరునామా లాంటిది) ముక్క, కాబట్టి నిబంధన ప్రకారం తెలుగు అక్షరాలను శాతం గుర్తులతో రాయాలి. యూనికోడ్‌ను దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు గుర్తుకు మూడు బైట్లు, ఒక్కో బైటుకు మూడు అక్షరాల చొప్పున తొమ్మిది అక్షరాలు. ‘రైతులు’ అన్న చిన్న మాట 54 అక్షరాలవుతుంది. పైగా ‘ఐ’త్వాన్ని యూనికోడ్‌లో రెండు రకాలుగా దాచొచ్చు. ఆర్‌ఎఫ్‌సీ 6901 ఆ రెండింటినీ ఒకటిగా చూడదు. కంటికి ఒకేలా కనిపించే పాయింటర్ దొరకలేదంటే ముందు అనుమానించాల్సింది ఇదే. పత్తి రైతుల పొలాలకు సర్వే నంబరునే కీగా పెడితే ఇంకో మెలిక. ‘112/అ’లోని గీతను పాయింటర్‌లో ‘112~1అ’ అని రాయాలి. డేటాలో తెలుగు ఉండనీయండి, కీలను మాత్రం ఇంగ్లిష్‌లో పెట్టండి. తెలుగు కీలంటే నాకు ఇష్టమే, అయినా ఇదే చెప్తాను.

డాలర్ రెఫ్‌ను వివరించిన జేసన్ రిఫరెన్స్ ముసాయిదా 2012 నాటిది, ఆర్‌ఎఫ్‌సీ కాకుండానే గడువు ముగిసింది. దాని ప్రకారం రెఫ్ పక్కన ఉన్న మిగతా కీలను పట్టించుకోకూడదు. జేసన్ ఫైల్ ఎలా ఉండాలో చెప్పే జేసన్ స్కీమా మాత్రం 2019-09 వెర్షన్ నుంచి పక్క కీలకూ విలువ ఇస్తోంది. మాంగోడీబీ అనే డేటాబేస్‌లో ఇదే కీ పేరు మరో అర్థంతో ఉంది. ఒకే గుర్తుకు ఇన్ని అర్థాలు ఉండటం నాకు నిజంగా బాధగా ఉంటుంది. ఇది ఎప్పుడో ఒక ప్రమాణంగా స్థిరపడాల్సింది.

దాని దెబ్బ ఫైల్ అందుకునే చోట తగులుతుంది. మా ఫైళ్లు తీసుకునే ఒక సంస్థ ప్రోగ్రాం డాలర్ రెఫ్‌ను దాటేసి రైతు పేరు గడిని ఖాళీగా చూపించింది. ఫోన్ చేస్తే, ఫైల్ సరైన జేసనే కదా అన్నారు. సరైనదే మరి, జేసన్ దృష్టిలో అది ఒక మామూలు కీ. అందుకే బయటికి పంపే ఫైళ్లలో రిఫరెన్సులు విప్పి, రైతు ఐడీతో సహా పూర్తి వివరాలు పెడుతున్నాం. మా దుకాణాల మధ్య తిరిగే ఫైళ్లలోనే రిఫరెన్సులు ఉంచాం. ఫైల్ తెరవగానే ప్రతి రిఫరెన్సుకూ మనిషి ఉన్నాడో లేడో చూసి, ఒక్కటి దొరక్కపోయినా మొత్తం ఫైల్‌ను వెనక్కి పంపేలా పెట్టుకున్నాం. సీజన్‌లో బస్తాలు వరుసకట్టిన పూట అది విసుగు తెప్పిస్తుంది, దుకాణాల నుంచి ఫోన్లు వస్తాయి. ఆ తనిఖీని మాత్రం తీసేయలేదు.