రెండేళ్లుగా వాడుతున్న ఓబీడీ స్కానర్: వచ్చిపోయే ఎమిషన్ వార్నింగ్‌ను పట్టిచ్చింది ఫ్రీజ్ ఫ్రేమే

కారు తన లోపాలను తనే కనిపెట్టే వ్యవస్థ ఓబీడీ. దాని సాకెట్‌కు పెట్టి లోపాల కోడ్ చదవడం, చెరపడం ఏ బ్లూటూత్ స్కానరైనా చేస్తుంది. రెండేళ్ల తర్వాత కూడా దీన్ని కారులోనే ఉంచుకోవడానికి కారణం ఒక్కటే, ఫ్రీజ్ ఫ్రేమ్. కోడ్ పడిన క్షణంలో ఇంజిన్ ఎంత వేడిగా ఉంది, ఎంత స్పీడులో ఉంది, ఎంత లోడు లాగుతోంది అన్నది ఈసీయూ (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్) ఫొటో తీసినట్టు దాచిపెట్టుకుంటుంది. యాప్‌లో ఆ పేజీ ఎక్కడో లోపలి మెనూలో ఉంటుంది కాబట్టి చాలామంది తెరవనే తెరవరు. వచ్చిపోయే వార్నింగ్ ఉన్న సెకండ్ హ్యాండ్ డీజిల్ కారుకు అంతకంటే విలువైన పేజీ ఇంకొకటి లేదు.

‘ఎమిషన్ సిస్టమ్ చెక్ చేయించండి’ అని మీటర్‌లో వస్తుంది, నాలుగు రోజులుండి దానంతట అదే పోతుంది. షెడ్డుకు తీసుకెళ్లేసరికి ఏమీ ఉండదు. లైటు ఆరింది కదా అని లోపం పోయిందనుకోకూడదు. చాలా లోపాల విషయంలో ఈసీయూ పద్ధతి ఇది: ఒక ప్రయాణంలో తప్పు కనబడితే పెండింగ్ కోడ్‌గా రాసుకుంటుంది. వెంటనే రెండో ప్రయాణంలోనూ కనబడితే లైటు వెలిగిస్తుంది. తర్వాత వరుసగా మూడు ప్రయాణాల్లో అదే పరీక్ష పాసైతే లైటు ఆర్పేస్తుంది. కోడ్ మాత్రం ఇంకో 40 వార్మప్‌ల దాకా మెమరీలో ఉంటుంది. కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) కనీసం 22 డిగ్రీలు పెరిగి 70 డిగ్రీలు దాటితే ఒక వార్మప్ కింద లెక్క. కాబట్టి లైటు లేని రోజున కూడా స్కానర్ పెట్టి చూడొచ్చు. స్టోర్డ్ కోడ్లతో పాటు పెండింగ్ కోడ్ల పేజీ కూడా చూడాలి.

ఈ బీఎస్6 డీజిల్‌లో పడిన కోడ్ పి2453. డీపీఎఫ్ (ఎగ్జాస్ట్‌లోని మసిని పట్టే ఫిల్టర్) ప్రెజర్ సెన్సర్ చెబుతున్న లెక్క పొసగడం లేదని దాని అర్థం. డీపీఎఫ్ అన్న మూడక్షరాలు కనబడగానే ఫిల్టర్ మార్చాలనే మాట వచ్చేస్తుంది. ఫిల్టర్ ధర లక్ష దాటే కార్లు చాలానే ఉన్నాయి. అందుకే కోడ్ దగ్గర ఆగకుండా మూడుసార్లు పడిన ఫ్రేముల స్క్రీన్‌షాట్లను పక్కపక్కన పెట్టి చూడాల్సి వచ్చింది. కూలెంట్ 31, 36, 29 డిగ్రీలు. లోడు 78, 83, 74 శాతం. స్టార్ట్ చేసి నాలుగు నిమిషాలు కూడా కాలేదు. అంటే ప్రతిసారీ పొద్దున్నే, చల్లటి ఇంజిన్‌తో, ఫ్లైఓవర్ ఎక్కుతూ పెడల్ గట్టిగా తొక్కినప్పుడే. ఔటర్ రింగ్ రోడ్డు మీద గంటసేపు నడిపినా ఒక్కసారీ పడలేదు.

ఈ అంకెలే ఫిల్టర్‌ను అనుమానం నుంచి తప్పించాయి. మసి నిండిన డీపీఎఫ్ అయితే ఇంజిన్ వేడెక్కాక, హైవే మీద, ఎగ్జాస్ట్ ఎక్కువగా పారేటప్పుడు దొరికిపోవాలి. దానికి పడే కోడ్ కూడా వేరు, పి2463. వైరింగ్ సాకెట్ వదులైతే వేడీ చల్లదనంతో పని లేకుండా గుంతల్లో ఎప్పుడైనా పడాలి. చల్లగా ఉన్నప్పుడు మాత్రమే పడుతోందంటే, వేడెక్కితే మాయమయ్యేదేదో దారికి అడ్డంగా ఉందన్నమాట.

దీన్ని తేల్చే పరీక్షకు ఐదు నిమిషాలు చాలు. రాత్రంతా ఆగిన కారులో ఇంజిన్ స్టార్ట్ చేయకుండా కీ ఆన్ చేసి, లైవ్ డేటాలో డీపీఎఫ్ డిఫరెన్షియల్ ప్రెజర్ (ఫిల్టర్ ముందు, వెనక ప్రెజర్ల తేడా) చూడాలి. గాలే పారనప్పుడు అది సున్నా ఉండాలి. ఇక్కడ 0.4 కిలోపాస్కల్ చూపించింది. బాగా నడిపి వేడిగా ఉన్నప్పుడు ఆపి, పది నిమిషాలాగి చూస్తే సున్నా. సెన్సరే పాడై ఉంటే రెండుసార్లూ తప్పు చూపించే అవకాశమే ఎక్కువ. 1 సెంటీమీటరు నీటి మట్టం దాదాపు 0.1 కిలోపాస్కల్‌తో సమానం కాబట్టి, 0.4 అంటే ఫిల్టర్ నుంచి సెన్సర్‌కు ప్రెజర్ చేరవేసే గొట్టంలో, అంటే హోస్‌లో, నాలుగు సెంటీమీటర్ల నీరు నిలిచినట్టే లెక్క.

డీజిల్ కాలితే మసితో పాటు నీటి ఆవిరి కూడా వస్తుంది. బండి చల్లబడ్డాక అది హోస్‌లో నీరుగా మారుతుంది. హోస్ సెన్సర్ నుంచి డీపీఎఫ్ వైపు వాలుగా ఉంటే ఆ నీరు కిందికి జారిపోతుంది. ఈ కారులో డీపీఎఫ్ ముందువైపు నుంచి వచ్చే హోస్‌ను పట్టి ఉంచే క్లిప్ విరిగి, మధ్యలో ఊయలలా వేలాడుతోంది. సెన్సర్ దగ్గర ఊడదీసి వంచితే డికాక్షన్ రంగులో అరచెంచా నీళ్లు, వాటి వెనకే తడిసిన మసి ముద్ద బయటికొచ్చాయి. పొద్దున పెడల్ తొక్కినప్పుడు ఎగ్జాస్ట్ ప్రెజర్ ఆ నీటిని దాటి సెన్సర్‌కు సకాలంలో చేరదు. పెరగాల్సిన అంకె పెరగకపోయేసరికి ఈసీయూ కోడ్ వేస్తుంది. పావుగంటకు నీరు ఆవిరై, అంతా సవ్యంగా ఉన్నట్టే కనబడుతుంది.

బాగుచేసే పద్ధతిలో జాగ్రత్తలు ఉన్నాయి. ఊడదీసే ముందే సెన్సర్‌కు వచ్చే రెండు హోసుల్లో ఒకదానికి తెల్ల పెయింట్ చుక్క పెట్టాలి. రెండూ తారుమారైతే ప్రెజర్ మైనస్‌లో చూపిస్తుంది. కంప్రెసర్ గాలి కొట్టేటప్పుడు హోస్ సెన్సర్ నుంచి పూర్తిగా విడిపోయి ఉండాలి. సెన్సర్‌లోకి గాలి కొడితే లోపలి పొర చిరిగిపోవచ్చు. డీపీఎఫ్ దగ్గరి స్టీలు గొట్టంలో మసి గడ్డకట్టి ఉంటే సన్నటి తీగతో గీకి, ఆ తర్వాతే గాలి కొట్టాలి. హోస్ కంపెనీదే వేయడం మంచిది. మామూలు డీజిల్ పైపు ముక్క వేస్తే ఆ వేడికి బిర్రబిగిసి పగులుతుంది. పొడవు పాతదానికంటే ఒక్క సెంటీమీటరు కూడా ఎక్కువ ఉండకూడదు, ఎక్కువైతే మళ్లీ వేలాడుతుంది. హోస్, క్లిప్‌లు కలిపి వెయ్యి లోపే అయింది. సెల్లార్‌లో ఎలుకల బెడద ఉన్నవాళ్లు హోస్ చుట్టూ పంటిగాట్లు కూడా వెతకాలి.

బిగించాక కీ ఆన్‌లో సున్నా, పెడల్ తొక్కిన వెంటనే అంకె పెరగడం, వదలగానే తగ్గడం చూసుకున్నాకే కోడ్ చెరపాలి. ఎనిమిది నెలలైంది, మధ్యలో ఒక వానాకాలం పోయింది. పెండింగ్‌లో కూడా మళ్లీ కనబడలేదు. ‘వస్తుంది, పోతుంది, పోనీలే’ అని వదిలేస్తే మాత్రం ప్రమాదం. ఈ సెన్సర్ మీద నమ్మకం పోతే మసి కాల్చే రీజెన్ సరిగ్గా జరగదు, అప్పుడు నిజంగానే ఫిల్టర్ నిండుతుంది. రీజెన్‌లు మధ్యలో ఆగిపోతుంటే డీజిల్ ఇంజిన్ ఆయిల్‌లో కలుస్తుంది కాబట్టి, డిప్‌స్టిక్ మీద ఆయిల్ మట్టం పెరుగుతోందేమో కూడా చూసుకోవాలి.

ఫ్రీజ్ ఫ్రేమ్‌ను ఇంత మెచ్చుకున్నా దాని హద్దులు తెలిసి వాడాలి. చాలా ఈసీయూలు ఈ స్కానర్‌కు ఒక్క ఫ్రేమే ఇస్తాయి. రెండు కోడ్లుంటే ఆ ఫ్రేమ్ దేనిదో కోడ్ నంబరు చూసి పోల్చుకోవాలి. అందులో ఉండేది లోపం మొదలైన క్షణం కాదు, ఈసీయూ దాన్ని లోపమని తేల్చుకున్న క్షణం. ఒక్క ఫ్రేమ్‌తో తీర్పు ఇవ్వకూడదు, ఇక్కడ కూడా మూడోది వచ్చాకే దారి తెలిసింది. కోడ్ చెరిపితే ఫ్రేమ్ కూడా పోతుంది. ‘ఓసారి బ్యాటరీ టెర్మినల్ పీకి పెడదాం’ అనే అలవాటు మీద కోపం అందుకే. చాలా కార్లలో ఉన్న ఒక్క సాక్ష్యం అలాగే తుడిచిపెట్టుకుపోతుంది. ముందు స్క్రీన్‌షాట్ తీయండి.

స్కానర్ సంగతి. మార్కెట్లో దొరికే ఈఎల్ఎం327 (ఈ స్కానర్లలో ఉండే చిప్) చవక రకాలు దాదాపు అన్నీ నకళ్లే. ‘వెర్షన్ 1.5’ అని రాసి అమ్ముతుంటారు గానీ, అసలు కంపెనీ ఆ నంబరుతో చిప్ విడుదలే చేయలేదు. కోడ్లు, ఫ్రేమ్ దాదాపు అన్నింట్లోనూ వస్తాయి. డీపీఎఫ్ ప్రెజర్ లాంటివి కారును, యాప్‌ను బట్టి రావచ్చు, రాకపోవచ్చు. కొత్త సెన్సర్ వేస్తే చాలా కార్లలో చేయాల్సిన రీసెట్ దీనితో కుదరకపోవచ్చు. మామూలు బ్లూటూత్ రకం ఐఫోన్‌తో కలవదు, బీఎల్ఈ (తక్కువ కరెంటు వాడే బ్లూటూత్) లేదా వైఫై రకం తీసుకోవాలి. ఓబీడీ సాకెట్ 16వ పిన్‌లో కీ ఆఫ్ చేసినా కరెంటు ఉంటుంది. 45 మిల్లీ ఆంప్స్ లాగే స్కానర్‌ను వదిలేస్తే రోజుకు ఒక ఆంపియర్ అవర్ పోతుంది, మూడు వారాలు ఊరెళ్తే పాత బ్యాటరీ లేవదు.

అనుకోకుండా కలిసొచ్చింది ఇంకొకటి ఉంది. ‘కోడ్లు చెరిపాక నడిచిన దూరం’ అని ఒక అంకె ఉంటుంది. 60,000 కిలోమీటర్లు తిరిగిన కారులో అది 14 అని చూపిస్తే, అమ్మే ముందు ఎవరో చెరిపారని అర్థం. బ్యాటరీ మార్చినా అలా కావచ్చు కాబట్టి బ్యాటరీ మీది తేదీ అడిగి చూడండి. పొల్యూషన్ సర్టిఫికెట్ ఉందని ఊరుకోవద్దు, అక్కడ చూసేది పొగ మాత్రమే.

పెట్రోల్ కారులో ఇంజిన్ లైటు మిణుకుమిణుకుమంటే ఇవేవీ చూస్తూ కూర్చోకండి. మిస్‌ఫైర్‌కు (సిలిండర్‌లో పెట్రోల్ సరిగ్గా మండకపోవడం) ఎగ్జాస్ట్‌ను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ కాలిపోతుంది, వెంటనే పక్కకు ఆపాలి.

వారంటీ లేని డీజిల్ కారు, కింద దూరి చూడగల మెకానిక్ ఉన్నాడు కాబట్టి నాకు ఇది బాగా పనికొచ్చింది. వారంటీ ఉన్నవాళ్లు హోస్ మీద చెయ్యి వేయకుండా స్క్రీన్‌షాట్ సర్వీస్ అడ్వైజర్‌కు ఇస్తే చాలు. రోజూ ఐదారు కిలోమీటర్లే తిరిగే డీజిల్ అయితే హోస్ కొత్తదైనా ఆ వార్నింగ్ మళ్లీ రావచ్చు. అలాంటప్పుడు స్కానర్ కంటే ముందు వారానికోసారి అరగంట ఆగకుండా నడిపే రోడ్డు చూసుకోవాలి.