బాతులను బెదరగొట్టినందుకు 7,200, గట్టున కూర్చున్నందుకు 700

ముందు డబ్బు సంగతి చెప్పేస్తాను. హైదరాబాద్ చుట్టుపక్కల వలస పక్షులను ఒక్క రోజులో చూపిస్తామంటే మనిషికి 1,800 చొప్పున నలుగురికి 7,200 కట్టాం. నేను, మావారు, ఎనిమిదో తరగతి చదివే పాప, మా అత్తమ్మ. ఫిబ్రవరి రెండో శనివారం, తెల్లవారుజామున నాలుగున్నరకి మియాపూర్‌లో టెంపో ఎక్కాం. సెలవు రోజు నిద్ర పోయిందని మావారి ముఖం అప్పటికే మాడిపోయి ఉంది.

అమీన్‌పూర్ చెరువు దగ్గర గంటసేపు ఆగాం. 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించిన చెరువు. చుట్టూ అపార్ట్‌మెంట్లు, ఒక మూల మురుగు వాసన, అయినా నీళ్ళ నిండా పిట్టలే. ఇంటికి దగ్గర కాబట్టి దీనికి ప్యాకేజీ అక్కర్లేదు, పొద్దున్నే బండేసుకుని వెళ్ళి రావచ్చు.

అసలు గొడవ మంజీర దగ్గర. సంగారెడ్డి దాటాక, నగరానికి తాగునీళ్ళిచ్చే రిజర్వాయర్ అది. ఒడ్డున పచ్చికలో నలభై దాకా పెద్దబాతులు మేస్తున్నాయి. తెల్లటి తల మీద రెండు నల్ల చారలు. టిబెట్, మంగోలియా సరస్సుల దగ్గర గుడ్లు పెట్టి, చలికాలానికి హిమాలయాలు దాటి మన దాకా వచ్చే బాతులు. పాప బైనాక్యులర్స్ కళ్ళకు పెట్టుకుందో లేదో, గైడు ఒక రాయి తీసి నీళ్ళలోకి విసిరాడు. గుంపంతా ఒక్కసారిగా లేచింది. పెద్ద లెన్సులవాళ్ళు టకటకా ఫొటోలు కొట్టుకున్నారు. అవి తిరిగొచ్చి వాలిన పావుగంటకే ఇంకో రాయి.

నేను అడిగితే, "ఎగిరితేనే కదా మేడమ్ ఫొటో" అన్నాడు.

ఇంకో నెలలో ఆ బాతులు అదే హిమాలయాల మీదుగా వెనక్కి పోవాలి. ఆ ప్రయాణానికి కావలసిన కొవ్వు ఇప్పుడు తిన్న తిండితోనే చేరాలి. ఊరికే లేపిన ప్రతిసారీ అవి తిన్నది కరగాల్సిందే. ఇది నేను చెప్పబోయేలోపే అత్తమ్మ అందుకుంది: "తినెటోళ్ల ముందరి కంచం గుంజుతరా బిడ్డా ఎవరన్న?" మెదక్ వైపు ఆమె పుట్టిల్లు. చిన్నప్పుడు జొన్నచేలో మంచె ఎక్కి వడిసెలతో పిట్టలను కొట్టిన మనిషే. "అది పంట కోసం. గీ రాళ్లు దేనికి?" అని అడిగింది. అతను జవాబివ్వలేదు.

మేం ఆ టూరు అక్కడితో వదిలేశాం. సగం డబ్బన్నా వెనక్కి ఇమ్మంటే ఒక్క రూపాయి కూడా రాదన్నాడు. మావారు పది నిమిషాలు వాదించి, ఆటో మాట్లాడారు. సంగారెడ్డికి 250. రాత్రికి లాడ్జి 1,200, శుభ్రంగానే ఉంది.

ఆదివారం అదే ఆటో అతను పొద్దున అయిదున్నరకి వచ్చి, పది దాకా ఆగి మళ్ళీ దింపినందుకు 700 తీసుకున్నాడు. "నీళ్ల పక్కకు పోకుండ్రి, మొసళ్లుంటయి" అని రెండుసార్లు చెప్పాడు. నిజమే, మంజీర మొసళ్ళకు పేరున్న చోటు. గట్టు మీద తుమ్మచెట్టు వెనక చాప పరుచుకుని కూర్చున్నాం. మొదటి ఇరవై నిమిషాలూ ఏమీ లేదు. తర్వాత బాతులు వాటంతట అవే మేసుకుంటూ మా వైపు నడిచి వచ్చాయి. వాటి గడ్డి కొరికే చప్పుడు కూడా వినిపించింది. కాస్త అవతల ఇటుకరంగు బాతులు రెండు కనిపిస్తే, అవే జక్కవలని పాపకు చెప్పాను. "పద్యాల్లో ఉండే జక్కవలు నిజంగా ఉన్నాయా!" అని నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

బైనాక్యులర్స్ 8x42వి (ఎనిమిది రెట్లు పెద్దగా చూపేవి, ముందు అద్దం 42 మి.మీ.) ఉంటే చాలు, మావి 6,500 పెట్టి కొన్నాం. మట్టి రంగు బట్టలు వేసుకోండి, ఫోన్ సైలెంట్‌లో పెట్టండి. మార్చి మొదటి వారం దాటితే బాతులు ఉంటాయన్న నమ్మకం లేదు.

తిరిగి వస్తూ రోడ్డు పక్క ఒకామె కట్టెల పొయ్యి మీద జొన్నరొట్టెలు చేస్తుంటే ఆగాం. రొట్టె 20. చేత్తో తట్టి పెనం మీద వేస్తోంది. వంకాయకూర, పల్లీల తొక్కు, పక్కన పచ్చి ఉల్లిగడ్డ. నలుగురం తొమ్మిది రొట్టెలు తిన్నాం, కూరలతో కలిపి 260. రెండు రోజుల్లో మావారు మొదటిసారి నవ్వింది అక్కడే. నాలుగో రొట్టె అడిగి వేయించుకున్నారు.

ఆ పొయ్యి వెనక మోదుగచెట్టు ఆకు లేకుండా పూసి ఉంది. చెట్టు నిండా గులాబీ గోరింకలు, నల్ల తల, గులాబీ రంగు ఒళ్ళు, తేనె కోసం పువ్వు పువ్వులో ముక్కు పెడుతూ ఒకటే గోల. అత్తమ్మ తల ఎత్తి చూసి, "గివే బిడ్డా మా జొన్నల మీద వడేటియి" అంది. ఆటో హారన్ కొట్టబోతే చెయ్యి అడ్డం పెట్టి ఆపింది.